ఏపుగా పెరిగిన పత్తిచేను

పత్తిచేనులోకి దిగితే దస్తగిరి బయటికి కనపడడం మానేశాడు. చెట్లు అతని తలను దాటిపోయాయి. ఆకులు అరచేతిని మించి వెడల్పు, నలుపు తిరిగిన పచ్చదనం. బండిదారిన పోయేవాళ్లు ఎద్దులను నిలిపి చూసి, "ఎవరిదప్పా ఈ చేను?" అని అడిగి మరీ పోయేవాళ్లు.

అలా అడిగినప్పుడల్లా దస్తగిరి ఆకుల్లోంచే గొంతెత్తి, "ఉరుకుందప్పది. చేసేది నేను" అనేవాడు.

ఆ రోజు ఎవరో అడిగారు. దస్తగిరి పలకలేదు. చేను నడిమధ్య గొంతుక్కూచుని, చెట్ల మొదళ్లు చూస్తున్నాడు. కొన్నాళ్లుగా మొగ్గ రాలుతూనే ఉంది, అతను ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేల నిండా మొగ్గలు. పూతకు రాకుండానే పసుపు తిరిగి రాలిపోయిన మొగ్గలు. కొమ్మలు పక్కకు తప్పించి చూశాడు. లోపల నీడ. గాలి లేదు, వెలుతురు లేదు. ఆకు తిప్పితే అడుగున పచ్చదోమ లేచి ముఖానికి తగిలింది.

పక్క చేను వాళ్ల చెట్లు నడుము దాకా కూడా లేవు. వాటికి కాయలు పట్టి కొమ్మలు వంగుతున్నాయి.

దస్తగిరి ఒక చెట్టు పూర్తిగా వెతికాడు. ఇంకో చెట్టు వెతికాడు. సాలు చివరిదాకా వెతుకుతూ పోయాడు. చేతికి తగిలిన కాయలు ఒక గుప్పిట్లో ఇమిడిపోయాయి.

అక్కడే చతికిలబడ్డాడు.

ఆ చేను అతనిది కాదు. అదే అతని బాధ.

ఆదోనికి పడమరగా, నల్లరేగడి చేల నడుమ ఒక గుట్ట ఉంది. గుట్ట మీద చిన్న దర్గా. దాన్ని చూసుకునే ముసలాయనను ఊళ్లవాళ్లు మౌలాలి తాత అంటారు. ఆయన దూదేకులవాడు. వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పరుపులకు దూది ఏకి బతికినవాడు. ఎక్కడ ఏ గురువు దొరికాడో, ఏం విన్నాడో, ఒక ఏడాది వానల తర్వాత ఈ గుట్ట ఎక్కాడు. మళ్లీ విల్లు ఎత్తలేదు. ఉపదేశం కావాలని వచ్చినవాళ్ల చేతికి చీపురు ఇచ్చేవాడు. చాలామంది ఆ చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయారు.

దస్తగిరి వెళ్లలేదు. ఊడ్చాడు. నీళ్లు మోశాడు. తాత చెప్పకపోయినా గుట్ట మెట్లన్నిటికీ సున్నం కొట్టాడు. అందరూ ఒకసారి జపం చేస్తే అతను గొంతు బొంగురుపోయేదాకా చేసేవాడు. అందరూ ఒకపూట ఉపవాసం ఉంటే అతను కళ్లు తిరిగి పడిపోయేదాకా ఉండేవాడు. తాత చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడమే దస్తగిరిని తొలిచేది.

అట్లాంటి రోజుల్లో, తొలకరికి ముందు, గుట్ట కింద ఊళ్లో ఉరుకుందప్ప గడ్డి బండి మీదనుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. డాక్టర్లు అతికించి ఇంటికి పంపారు కానీ, మంచం దిగవద్దన్నారు. అతనికీ, భార్య హంపమ్మకూ ఉన్నది ఆ ఒక్క చేనే. పంట రాకపోతే ఆ ఊళ్లో ఎవరైనా చేసేది ఒకటే. ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకోతలకు బండెక్కడం. నడవలేని మొగుడిని పెట్టుకుని హంపమ్మ ఎక్కడికి పోతుంది? పరాయి ఊళ్లో, గుడిసెలో, ఆయనను ఎవరు చూస్తారు?

హంపమ్మ గుట్టెక్కి తాతకు ఆ మాట చెప్పుకుంది. తాత విని, అటూ ఇటూ చూసి, "దస్తగిరీ" అని పిలిచాడు.

"ఆయమ్మ చేను ఈ ఏడు నువ్వు చూడు."

అంతే. గురువు అతనికి అప్పగించిన మొదటి పని అది. దస్తగిరికి నేల మీద కాళ్లు ఆనలేదు.

మంచి పదునులో విత్తాడు. మొలక బాగా వచ్చింది. మొదట్లో చేను కొంచెం పాలిపోయి ఉంటే, నాలుగు ఆకులు విప్పాక యూరియా వేశాడు. వాన పడింది. చూస్తుండగా చేను రంగు మారింది. పొద్దున లేచి చూస్తే చెట్టు నిన్నటికంటే పైకి కనపడేది. దస్తగిరికి అది పండగ. తన చెయ్యి పడితే పైరు లేస్తుందని అతనికి అనిపించింది.

తర్వాత వానకు మళ్లీ వేశాడు. ఆ తర్వాత వానకు మళ్లీ. అడిగితే తాత ఒకసారి, "చూసి వెయ్యి" అన్నాడు. దస్తగిరి తల ఊపి, దర్గాకు వచ్చే భక్తుల ఇళ్లల్లో మిగిలిన యూరియా బస్తాలు అడిగి తెచ్చి వేశాడు. పక్క చేను రైతు, "ఇంగ చాలప్పా, మొగ్గ కట్టే టైము" అంటే, తన చేను కంటే ఎత్తు పెరిగిందని అతనికి కుళ్లు అనుకున్నాడు.

రోజూ సాయంత్రం ఉరుకుందప్ప మంచం పక్కన కూచునేవాడు.

"ఎట్లుంది బా మన చేను?" అని ఉరుకుందప్ప అడిగేవాడు.

"ఏపుగా ఉండాది బావా. నువ్వు నిలబడితే నీకంటే ఎత్తు" అనేవాడు దస్తగిరి.

ఉరుకుందప్ప కళ్లు మూసుకుని నవ్వేవాడు. కళ్లు మూసుకుని ఆ చేనులో తిరుగుతున్నట్టుండేది అతని ముఖం.

రాలిన మొగ్గల మధ్య కూచున్న దస్తగిరికి ఇప్పుడు ఆ ముఖమే గుర్తొచ్చింది. లేచి, బట్టలకు అంటిన మట్టి కూడా దులుపుకోకుండా గుట్టెక్కాడు.

మౌలాలి తాత దర్గా అరుగు మీద కూచుని పాత పరుపులోంచి తీసిన దూదిని చేత్తో విప్పుతున్నాడు. దస్తగిరి వచ్చి ముందు నిలబడ్డాడు. తాత తల ఎత్తలేదు.

"తాతా, కొంచెం నీళ్లకు దువా చదివియ్యి. చేను మీద చల్లుతా."

"ఏమిటికి?"

"కాయ పట్టలేదు."

తాత చేతిలో దూది పక్కన పెట్టాడు. అప్పుడు చూశాడు దస్తగిరి ముఖంలోకి. నీళ్ల మాట ఎత్తలేదు. గోడకు ఆనించిన కట్టె తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. దస్తగిరి వెనకాల నడిచాడు. దారి పొడవునా తాత ఏమైనా అంటాడేమోనని ఎదురుచూశాడు. ఎండ మాత్రం చురుక్కుమంటోంది.

చేను గట్టు మీద తాత నిలబడ్డాడు. కొసల మీదుగా గాలి పోతుంటే చేనంతా పచ్చగా ఊగుతోంది. చూడ్డానికి ఎంత బాగుందో ఆ క్షణంలో కూడా దస్తగిరికి అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది.

"ఒక కాయ కోసుకరా" అన్నాడు తాత.

దస్తగిరి లోపలికి దూరాడు. చాలాసేపు ఆకులు కదిలిన చప్పుడు. తిరిగి వచ్చేటప్పటికి ముఖం నిండా చెమట, జుట్టులో ఆకు ముక్కలు. చేతిలో ఉన్నది ఒక పిందె. దాన్ని తాత ముందు పట్టుకున్నాడు గానీ ఇవ్వలేకపోయాడు.

తాత తీసుకోలేదు. గట్టు దిగాడు. ఎదురుగా ఉన్న చెట్టును, ఆ సాలులో అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్ని, మెల్లగా వంచాడు. కొసన లేత చిగురు. ముద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని పుటుక్కున తుంచేశాడు.

చిగురు దస్తగిరి కాళ్ల దగ్గర పడింది.

తాత పక్క చెట్టు కొస పట్టుకున్నాడు. దస్తగిరి చెయ్యి ముందుకు పోయి ఆయన మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న తర్వాత గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. అంతకు ముందు ఎప్పుడూ అతను గురువు పాదాలు తప్ప మరేదీ తాకలేదు.

"వద్దు తాతా" అన్నాడు. "నేను పెంచినాను."

తాత చెయ్యి విడిపించుకోలేదు. అట్లాగే ఉండనిచ్చాడు.

"ఎవరికోసరం?"

దస్తగిరి వేళ్లు వదులయ్యాయి.

"ఉరుకుందు బావ కోసరం."

"అట్లయితే తుంచాల్నో వద్దో ఆయప్పను అడిగి రా."

అని తాత చెట్టు కొస వదిలేసి, గట్టు మీద కూచున్నాడు. కట్టె పక్కన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇక ఆయనను అడిగేదేమీ లేదు.

ఊరు ఎంతో దూరం లేదు. దస్తగిరికి మాత్రం ఆ దారి తెగలేదు. ఏం చెప్పాలి? నీ చేను చెడగొట్టినా అని చెప్పాలా? రోజూ నీ మంచం పక్కన కూచుని చెప్పినదంతా సగం మాటే అని చెప్పాలా? రెండుసార్లు వెనక్కు తిరిగి చూశాడు. గట్టు మీద తాత అట్లాగే కూచుని ఉన్నాడు. ఎండలో తెల్లగా ఆయన తలగుడ్డ కనపడుతోంది.

ఉరుకుందప్ప మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. హంపమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఏమి బా, ఈ యాలప్పుడు వచ్చినావు?" అన్నాడు ఉరుకుందప్ప.

దస్తగిరి మంచం పక్కన కూచోలేదు. నిలబడే చెప్పాడు.

"బావా, చేను ఏపుగా ఉండాదని రోజూ చెప్పినా కదా. ఏపు ఒకటే ఉండాది. కాయ లేదు. మొగ్గలు కట్టినవి కట్టినట్ల రాలిపోతాండాయి. యూరియా నేనే ఎక్కువ వేసినా. వద్దన్నోళ్ల మాట ఇనలేదు. నాకు తెలిసి శానా రోజులాయ. నీకు చెప్పలేకపోతి."

చేట చప్పుడు ఆగిపోయింది.

ఉరుకుందప్ప గోడ మీద మేకుకు వేలాడుతున్న పగ్గం వైపు చూస్తూ ఉండిపోయాడు. దస్తగిరి తిట్టు కోసం కాచుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"నాకు తెలుసు" అంది వాకిట్లోంచి హంపమ్మ.

ఇద్దరూ అటు తిరిగారు. ఆమె చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"కూలికి పోతా వస్తా రోజూ ఆ దారినే కదా నేను పోయేది. చూడనా? ఆకు తప్ప ఏముండాది దాంట్లో."

"మరి నాకేల చెప్పలేదు?" అన్నాడు ఉరుకుందప్ప.

"ఎట్ల చెప్పేది?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మంచాన పడినప్పటినుంచి నువ్వు గోడపక్కకు తిరిగి పండుకునేటోడివి. ఈ పిల్లోడు వచ్చి చేను ఇట్లుంది అట్లుంది అని చెప్పినంక, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటివి. నా నోటితో చెప్పి దాన్నీ పోగొట్టుకునేదా?"

దస్తగిరి తల వంచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, గుండెల మీద ఇన్ని రోజులుగా కూచున్న బండ ఏదో పక్కకు జరిగినట్టయింది. ఊపిరి లోపలిదాకా పోయింది.

ఉరుకుందప్ప భార్యను చూశాడు, దస్తగిరిని చూశాడు. రెండు చేతులూ మంచం పట్టెల మీద ఆనించి, కాళ్లు కిందికి దించడానికి చూశాడు.

"ఎవరిదన్నా బండి అడుగుపో" అన్నాడు. "నేను చూడాల."

బండిలో గడ్డి మందంగా పరిచి, దాని మీద బొంత వేసి, నలుగురు పట్టుకుని అతన్ని ఎక్కించారు. ఊరు దాటే దాకా అతను కుదుపు కుదుపుకూ పళ్లు బిగబట్టాడు. చేలు మొదలయ్యాక మాత్రం కుదుపుల సంగతే మరిచిపోయాడు. దారికి రెండు పక్కలా ఎవరి చేను ఎట్లా ఉందో చూస్తూ, మెడ సాచి, "వీడు కలుపు తియ్యలేదే" అనీ, "ఇది బాగా పట్టింది" అనీ తనలో తను అనుకుంటున్నాడు. హంపమ్మ బండి పక్కన నడుస్తూ అతని ముఖం చూస్తోంది. పడ్డ తర్వాత అతను ఇల్లు దాటి రావడం అదే మొదలు.

తన చేను దగ్గర బండి ఆగింది. ఉరుకుందప్ప చూశాడు. కొంతసేపటికి అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని దస్తగిరి దగ్గరికి పోయాడు. అతను నవ్వుతున్నాడు.

"నేను చేను ఇస్తే నువ్వు అడివి పెంచినావు కదప్పా."

హంపమ్మకూ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండి తోలుకొచ్చినవాడూ నవ్వాడు. గట్టు మీద తాత కళ్లు తెరిచాడు.

"బావా, తాత కొసలు తుంచమంటాండాడు" అన్నాడు దస్తగిరి.

ఉరుకుందప్ప ఒక కొమ్మ చేతికి అందేలా బండిని ముందుకు తోలించుకున్నాడు. ఆకు తిప్పి చూశాడు. కొమ్మ కణుపులు తడిమాడు. రాలకుండా మిగిలిన మొగ్గ ఒకటి దొరికితే దాన్ని వేలితో మెల్లగా కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. అతని ముఖంలో నవ్వు పోయి, సేద్యగాడి చూపు వచ్చింది.

"ఇంగా పొద్దుండాది దీనికి" అన్నాడు. "తుంచండి. అన్నీ తుంచండి. మొదళ్ల దగ్గర ముదురు ఆకులు కూడా కొన్ని గిల్లేయండి, లోపలికి ఎండ పడాల. ఇంగ ఎరువనే మాట ఈ చేనులో ఎవరూ ఎత్తగూడదు. దోమకు వేపగింజల కషాయం కొట్టండి."

దస్తగిరి మొదటి చెట్టు వంచాడు. చిగురు పట్టుకున్నాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత తుంచేశాడు.

రెండో చెట్టుకు అంత కష్టం కాలేదు. సాలు చివరకు పోయేసరికి చేతులు వాటంతట అవే పోతున్నాయి. హంపమ్మ ఇంకో సాలు పట్టింది. దర్గాకు వచ్చిన వాళ్లు కొందరు, బండి తోలుకొచ్చినవాడు, గట్టున పోతున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా దిగారు. తాత కూడా తలగుడ్డ బిగించి ఒక సాలు పట్టాడు. ఉరుకుందప్ప బండి మీదనుంచే, "ఆ పక్క వదిలిపెట్టినారు", "అంత కిందికి వద్దు" అని కేకలు వేస్తున్నాడు. అతని గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్లయిందో.

పొద్దు వాలేవేళకు చేను బోడిగా కనపడింది. సాళ్ల మధ్య నేల మీద లేత చిగుళ్లు వాడిపోయి పడి ఉన్నాయి. బండిదారిన పోయేవాడొకడు ఆగి, "ఇట్ల చేసినారేమప్పా, మంచి చేనును?" అన్నాడు.

దస్తగిరి వంగి, రాలిన చిగుళ్లు ఏరుతూ పోయాడు.

ఆ తర్వాత వానలు తెరిపిచ్చాయి. ఎండ పడింది. దస్తగిరి రోజూ పొద్దున చేనుకు పోయేవాడు. ఇంతకు ముందు దూరం నుంచి చూసి మురిసిపోయేవాడు. ఇప్పుడు లోపలికి పోయి, కూచుని, కొమ్మలు విడదీసి చూసేవాడు. మొదట కొన్నాళ్లు ఏమీ తేడా కనపడలేదు. రాలే మొగ్గలు రాలుతూనే ఉన్నాయి. అతను సాయంత్రం పోయి ఉరుకుందప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. "ఈ రోజు కూడా రాలినాయి బావా." ఉరుకుందప్ప, "ఓర్చుకో" అనేవాడు.

ఒకరోజు రాలినవి తక్కువగా ఉన్నాయి. దస్తగిరి నమ్మలేదు. మర్నాడు ఇంకా తక్కువ. చెట్లు పైకి పోవడం మానేసి పక్క కొమ్మలు వేశాయి. పై ఆకుల సందుల్లోంచి ఎండ మొదళ్లదాకా పడుతోంది. ఒక పొద్దున చేను నడుమ లేత పసుపు తెలుపు పువ్వులు కనపడ్డాయి. మరుసటి రోజుకు అవి గులాబి రంగు తిరిగాయి. పువ్వు రాలిన చోట పిందె నిలిచింది.

దస్తగిరి ఆ పిందెను తాకలేదు. చెయ్యి దాకా పోనిచ్చి వెనక్కు తీసుకున్నాడు. అక్కడే కూచుని చాలాసేపు ఊరికే చూశాడు. అతని పెదాలు కదలలేదు. ఏ జపమూ లేదు. చేను నిశ్శబ్దంగా ఉంది, అతనూ అట్లాగే ఉన్నాడు.

ఊళ్లో అందరి పత్తీ ఇళ్లకు చేరాక, ఆలస్యంగా, ఆ చేనులో కాయ పగిలింది. తెల్లగా, ఒక్కసారిగా కాదు, అక్కడొకటి అక్కడొకటి. కానీ ఆగకుండా పగులుతూ వచ్చింది. పక్క చేనంత రాలేదు. దాని దరిదాపుల్లో కూడా లేదని పత్తి తియ్యడానికి వచ్చిన ఆడవాళ్లు పైకే అన్నారు. అయినా హంపమ్మ ఒడి నింపుకుని గట్టుకు వచ్చిన ప్రతిసారీ, కుప్ప మీద పోసి, ఒకసారి చేత్తో తట్టి చూసుకుని పోయేది. ఏడాది గడవడానికి చాలు. మళ్లీ విత్తనానికి చాలు.

మిరపకోతలకు పోయేవాళ్ల బండి ఊళ్లోకి వచ్చిన రోజు, హంపమ్మ వాకిట్లో నిలబడి ఎక్కేవాళ్లను సాగనంపింది. బండి కదిలి, మలుపు తిరిగి, దుమ్ము కూడా అణిగిపోయాక, ఆమె లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూచుంది. ఎందుకో తెలియకుండానే పెద్దగా ఊపిరి వదిలింది. ఉరుకుందప్ప చేతికర్ర పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, మంచం నుంచి గడపదాకా వచ్చాడు. "నీళ్లు తాగుతావా?" అని ఆమెను అడిగాడు. అన్నాళ్లూ ఆ మాట అడిగింది ఆమే.

తర్వాతి గురువారం ఇద్దరూ గుట్ట కింది దాకా బండిలో వచ్చారు. మెట్లు ఎక్కడానికి దస్తగిరి ఉరుకుందప్పకు భుజం ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం దర్గాలో వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు. తాత స్వయంగా వడ్డిస్తాడు. ఆ రోజు జొన్న సంగటి, కందిపప్పు, ఉల్లిగడ్డ.

అందరూ వరసగా కూచున్నారు. ఉరుకుందప్ప కాలు చాపుకుని గోడ పక్కన కూచున్నాడు.

"తాతా, వచ్చే ఏడు కూడా దస్తగిరినే నాకియ్యి" అన్నాడు అతను. "నేను గట్టు మీద కూచుంటా. పని ఇతను చేస్తాడు. ఇంగ మాకు తోడు లేకుంటే కుదరదు."

దస్తగిరికి ఆ మాట చెవిన పడి ముఖం వెలిగింది. అందరూ వింటుండగా మోకాళ్ల మీద లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"చేస్తా బావా. కానీ ఒక మాట. ఈ దర్గా సాక్షిగా చెప్తాండా. నేను బతికుండంగా నీ చేనులో గుప్పెడు యూరియా పడనియ్యను. ఒక్క పలుకు కూడా. దాని మొహం చూడను."

చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తల ఊపారు. ఒకాయన, "బుద్ధొచ్చింది పిల్లోనికి" అన్నాడు. ఉరుకుందప్ప మాత్రం తల ఊపలేదు, తాత వైపు చూశాడు.

తాత సంగటి గంప చంకలో పెట్టుకుని వడ్డన మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి పళ్లెంలో ఒక ముద్ద పెట్టి, గరిటెతో పప్పు పోస్తున్నాడు. ఉరుకుందప్పకు పెట్టాడు. హంపమ్మకు పెట్టాడు. దస్తగిరి పళ్లెం ముందుకు జరిపాడు. తాత అతన్ని దాటి పక్కాయనకు పెట్టాడు.

చూడలేదేమో అనుకున్నాడు దస్తగిరి. తాత వరస చివరికి పోయి తిరిగి వచ్చాడు. మారు వడ్డించాడు. మళ్లీ దస్తగిరిని దాటిపోయాడు.

పొద్దున్నుంచి నీళ్లు మోసినవాడు దస్తగిరి. పక్కవాళ్ల పళ్లేల్లోంచి పప్పు వాసన వస్తోంది. అతను ఖాళీ పళ్లెం చూసుకున్నాడు. హంపమ్మ తినడం ఆపి, తన ముద్దలో సగం తుంచి అతని వైపు జరపబోయింది. తాత కన్నెత్తి చూశాడు. ఆమె చెయ్యి ఆగింది.

గంపలో అడుగున ఒక ముద్ద మిగిలింది. తాత దాన్ని పట్టుకుని వచ్చి దస్తగిరి ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"ఆకలి అయితాందా?"

"అయితాంది తాతా."

తాత ముద్దను పళ్లెంలో పెట్టాడు. పప్పు పోశాడు. పొంగి అంచు దాటకుండా సరిగ్గా పోసి, గరిటె ఎత్తేశాడు.

"చేనుకూ అయితాది" అన్నాడు.